మూట లోపలి కొలత

సాయం కోరి వచ్చిన ఒకామె మెట్లెక్కే చప్పుడు వినగానే డిటెక్టివ్ సగం కేసు గ్రహించేశాడని ఆయన మేనకోడలు ఇప్పటికీ నలుగురిలో చెబుతూ ఉంటుంది. అది నిజం కాదు. ఆ సమయానికి ఆయన బల్ల కింద దూరి కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. మేనకోడలికి మేనమామ అంటే అంత గురి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం మానేసి ఆయన దగ్గర సహాయకురాలిగా చేరింది మొదలు, ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనే అనుకుంటుంది.

వచ్చినామెకు ముప్పై అయిదేళ్ళ లోపే ఉంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. దాన్ని తీయకుండానే వీధులన్నీ దాటి వచ్చేశానన్న ధ్యాస కూడా ఆమెకు లేదు. గోళ్ళ చుట్టూ తెల్లటి ప్లాస్టర్ పొడి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, వెనక తలుపు మూసుకుందో లేదో చూసుకుని అప్పుడు నోరు విప్పింది.

"నేను బద్ధకస్తురాలినో, మతిలేనిదాన్నో, లేకపోతే ఎవరైనా నా మీద కక్ష కట్టారో మీరు తేల్చి చెప్పాలండీ. శుక్రవారం మా డాక్టరుగారు అందరినీ కూర్చోబెట్టి నన్ను తీసేస్తారు. తీసేస్తే తీసెయ్యనీండి. కానీ ఆ టీచరమ్మ పడిపోయింది నా వల్లేనా కాదా? అది తెలియకపోతే నేనింక ఎవరి కాలూ కొలవలేను."

మేనకోడలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అవి తాగాక ఆమె చెప్పిన సంగతి ఇది.

ఆమె కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో టెక్నీషియన్. అక్కడ అందరూ ఆమెను టేపక్క అని పిలుస్తారు. మోకాలి కింద కాలు పోయిన మనిషికి, మిగిలిన భాగం మీద కూర్చునే తొడుగే ప్రాణం. దాన్ని సాకెట్ అంటారు. కింద ఎంత ఖరీదైన పాదం బిగించినా, ఈ తొడుగు బిగువైతే పుండు పడుతుంది, వదులైతే నడకలో కాలు ఊడిపోతుంది. అందుకని కాలి చుట్టూ చోటుచోటునా టేపు పెట్టి కొలిచి, ఆ కొలతలు కంప్యూటరులో ఎక్కిస్తారు. వాటి ప్రకారం కోత మిషను ఒక ఫోమ్ దిమ్మను అచ్చంగా ఆ కాలి ఆకారంలో చెక్కుతుంది. ఆ అచ్చు మీద వేడి ప్లాస్టిక్ పరిచి సాకెట్ తీస్తారు.

ఈమెకి ఒక అలవాటు ఉంది. మొదటిసారి తీసిన కొలతను ఆమె నమ్మదు. కాలు పోయిన కొత్తలో వాపు ఉంటుంది, అది రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకని కోతకు ముందు మనిషిని మళ్ళీ పిలిచి మళ్ళీ కొలుస్తుంది. ఒక బడిలో ఆటల టీచరుగా పనిచేసే ఆవిడ విషయంలోనూ అలాగే చేసింది. కింది చుట్టుకొలత తగ్గింది. కంప్యూటరులో ఆవిడ పేరున ఉన్న కార్డు తెరిచి ఆ ఒక్క అంకె మార్చి, పక్కన గమనిక గడిలో ‘కింది చుట్టు తగ్గింది, మార్చాను’ అని రాసి, సేవ్ నొక్కింది. తెర మీద కొత్త అంకె కనబడింది. వెంటనే కోయిద్దామనుకుంటే మిషను బ్లేడు విరిగింది. సరే, రేపు కోద్దామనుకున్నారు. ఎప్పటిలాగే సాయంత్రం కంప్యూటర్లు ఆపేసి అందరూ ఇళ్ళకి వెళ్ళారు.

మర్నాటికి ఈమెకి జ్వరం. ఆ కాలి అచ్చు కోసింది, కాలు తొడిగింది అక్కడి పెద్దమేస్త్రి. కొన్నాళ్ళకి బడి మెట్లు దిగుతుండగా టీచరు కాలు ఊడిపోయింది. పడటంలో చెయ్యి విరిగింది, బాగున్న కాలి మోకాలూ దెబ్బతింది. కంప్యూటరు తెరిచి చూస్తే గమనిక అలాగే ఉంది. కొలత మాత్రం పాతదే ఉంది.

"డాక్టరుగారు ఏమంటున్నారంటే, నేను గమనిక రాసి అంకె మార్చడం మరిచిపోయానట. నా కళ్ళతో చూశానండీ నేను," అంది టేపక్క.

ఆ కంప్యూటరు ముట్టుకునేది ఎవరెవరని డిటెక్టివ్ అడిగాడు. తనూ, పెద్దమేస్త్రీ, అప్పుడప్పుడు డాక్టరుగారూ అని చెప్పింది. ఇంకా ఎవరో ఉన్నట్టు ఒక్క క్షణం ఆగింది.

"ప్రోగ్రాం రాసింది మా తమ్ముడేనండి. అమ్మ పోయాక నేనే పెంచాను వాణ్ణి. డాక్టరుగారు వాణ్ణే అడిగారు, ఇందులో తప్పేమైనా ఉందా అని. లేదన్నాడు. ఆవిడ అదే పట్టుకున్నారు. సొంత తమ్ముడే చెబుతుంటే ఇంకేం కావాలి అంటున్నారు."

"మీ తమ్ముడు అబద్ధం చెప్పే రకమా?"

"వాడికి చెప్పడం రాదండి. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే, నేను అడక్కముందే ఆ ముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టి ఏడ్చేవాడు. నాకు అనుమానమంతా పెద్దమేస్త్రి మీదే. నేనొచ్చాక తన మాట చెల్లడం లేదని ఆయనకి లోపల ఉంది."

తమ్ముడు ఎక్కడున్నాడని అడిగితే, తనను దింపడానికి వచ్చి కింద స్కూటరు మీద కూర్చున్నాడని, పైకి రమ్మంటే తలనొప్పి అన్నాడని చెప్పింది. డిటెక్టివ్ లేచి కిటికీలోంచి చూశాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రాడు స్కూటరు అద్దం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ఎండలో నీడకు జరగాలన్న ఆలోచన కూడా లేకుండా ఉన్నాడు.

ముందుగా డిటెక్టివ్, మేనకోడలు ఆటల టీచరును చూడ్డానికి వెళ్ళారు. ఆవిడ చేతికి కట్టుతో మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. చెప్పు జారినట్టు కాలు జారిపోయిందని నవ్వుతూనే చెప్పింది గానీ, గుమ్మం దగ్గరున్న ఒక్క మెట్టు దిగాలన్నా ఇప్పుడు ఒళ్ళు చెమటలు పడుతోందంది. టేపక్క అంకె మార్చడం చూశారా అని డిటెక్టివ్ అడిగితే, ఏదో కొట్టడం చూశానని, ఏ అంకో తనకేం తెలుస్తుందని చెప్పింది. "కానీ ఆ అమ్మాయి నా కాలుని ఎంత పదిలంగా పట్టుకుందనీ. అట్లా కొలిచిన మనిషి మరిచిపోతుందంటే నేను నమ్మను. మరి నా కాలు ఎందుకు ఊడిందంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు."

వర్క్‌షాపు ఒక పాత గోదాము వెనక భాగంలో ఉంది. లోపలికి అడుగుపెడితే వేడి ప్లాస్టిక్ వాసన. గోడ పొడవునా అరల్లో ఫోమ్ అచ్చులు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో మనిషి నంబరు. నడక నేర్చుకునే కమ్మీల మధ్య ఒక దర్జీ కుంటుకుంటూ తిరుగుతున్నాడు. ఆయన సాకెట్‌కి పగులు వచ్చింది, దాన్ని మార్పించుకోవడానికి వచ్చాడు. తన కాలు తనకంటే ముందే ముసలిదైపోయిందని అక్కడున్న వాళ్ళందరికీ చెప్పి నవ్విస్తున్నాడు.

పెద్దమేస్త్రి అరవై దాటినా గట్టిగా ఉన్న మనిషి. మీసాల మీద కూడా ఫోమ్ పొడి ఉంది. ప్రశ్నలకి ఆయన చేతిలో పని ఆపకుండానే జవాబిచ్చాడు.

"టీచరుగారి అచ్చు కోసింది మీరేగా?"

"నేనే."

"తొడిగినప్పుడు తేడా తెలియలేదా?"

"కాస్త వదులనిపించింది. రెండు మేజోళ్ళు ఎక్కువ వేయించి పంపేశాను. ఆ అమ్మాయి రెండేసిసార్లు కొలుస్తుందని పేరు కదా, కొలత తప్పయ్యుండదు అనుకున్నా. వెనక్కి పంపాల్సింది. ఆ తప్పు నాదే, రాసుకోండి."

"కొలత మారితే మీరేం చేస్తారు?"

"పాతది ముట్టుకోను. ‘కొత్త కొలతలు’ అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కి, మొదట్నించీ చివరిదాకా అన్నీ మళ్ళీ కొట్టుకుంటా. ఒక్క అంకె కోసం అంత చాకిరీ ఎందుకని ఆ అమ్మాయి నవ్వుతుంది. నవ్వుకోనీండి. నా చేతి అలవాటు నాది."

డాక్టరు ఆ వర్క్‌షాపు యజమానురాలు. నెరిసిన జుట్టు, మెత్తని మాట. టేపక్కను తీసెయ్యడం తనకు కడుపుకోతగానే ఉందని, కానీ రేపు ఇంకొకరు పడితే ఎవరికి ఏమని జవాబు చెప్పాలని అడిగింది. ప్రోగ్రాం మీద ఆమెకు అపారమైన నమ్మకం. మరో రెండు వర్క్‌షాపుల వాళ్ళు కూడా అదే పెట్టుకుంటామన్నారట. ఈ కుర్రాడు పైకొస్తాడు చూడండి అని సొంత కొడుకు గురించి చెప్పినట్టు చెప్పింది.

ఆ కుర్రాడు వెనక గదిలో కంప్యూటరు ముందు ఉన్నాడు. డిటెక్టివ్ అడగ్గానే ఒక కార్డు తెరిచి, ఒక అంకె మార్చి, సేవ్ చేసి, మొత్తం ఆపేసి, మళ్ళీ తెరిచి చూపించాడు. మార్చిన అంకె చెక్కుచెదరకుండా ఉంది. కొలతలు లోపల ఎలా దాచావని మేనకోడలు అడిగేసరికి అతని ముఖం వెలిగింది. ఒక్కో కాలుకి కొలతలు ఒక్కో రకంగా ఉంటాయని, ఒకరికి ఆరు చోట్ల కొలిస్తే ఇంకొకరికి పదిచోట్ల కొలవాలని, అన్నిటికీ విడివిడిగా కాలమ్‌లు పెట్టలేక కాలి కొలతలన్నీ ఒకే మూటగా కట్టి ఒకే కాలమ్‌లో పెట్టానని గడగడా చెప్పుకుపోయాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ముఖంలో ఆ వెలుగు పోయింది.

"ఈ మధ్య ప్రోగ్రాంలో ఏమైనా మార్చావా బాబూ?" అని డిటెక్టివ్ అడిగాడు.

"చిన్నచిన్నవి మారుస్తూనే ఉంటానండి," అని నీళ్ళు నమిలాడు.

బయటికొచ్చి రోడ్డు పక్కన టీ తాగుతూ, ఆ మూట సంగతేమిటో మామూలు మనుషుల భాషలో చెప్పమన్నాడు డిటెక్టివ్. మేనమామకి తెలియనిది తనకి తెలిసే అవకాశం అరుదుగా వస్తుంది కాబట్టి మేనకోడలు ఉత్సాహంగా మొదలుపెట్టింది.

"డేటాబేసు అంటే గళ్ళు గళ్ళుగా ఉన్న అరమర అనుకో మావయ్యా. పేరుకో గడి, గమనికకో గడి. ఈ కుర్రాడు కొలతలన్నీ మూటగట్టి ఒక గడిలో పెట్టాడు. దాన్ని సీరియలైజ్ చెయ్యడం అంటారు. అరమరకి మూట కనిపిస్తుంది గానీ లోపలేముందో తెలీదు. ప్రోగ్రాంకీ అరమరకీ మధ్య గుమాస్తా లాంటిది ఒకటుంటుంది, ఓఆర్‌ఎమ్ అంటారు. అది గళ్ళలో సామాను తెచ్చి మన బల్ల మీద పరుస్తుంది. మనం సేవ్ అనగానే ఏ గడి మారిందో చూసి, ఆ గడిని మాత్రమే తీసుకెళ్ళి సర్దుతుంది."

"మూట మారిందని దానికెట్లా తెలుస్తుంది?"

"అది రాసేవాడి మీద ఉంటుంది. విప్పి చూడమంటే చూస్తుంది. చెప్పకపోతే పైపైన చూసి ఊరుకుంటుంది. కానీ ఇక్కడ ఆ బాధ లేదుగా, మన కళ్ళ ముందే అంకె నిలబడింది."

డిటెక్టివ్ టీ గ్లాసు కింద పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్దామన్నాడు.

ఈసారి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. డాక్టరు అనుమతితో అరల్లోని ఫోమ్ అచ్చులు ఒక్కొక్కటే కిందికి దించాడు. పెద్దమేస్త్రి టేపు పట్టాడు, మేనకోడలు కంప్యూటరులో ఆ నంబరు కార్డు తెరిచి కొలతలు చదివింది. పెద్దమేస్త్రి తయారుచేసిన అచ్చులన్నీ కార్డులతో సరిగ్గా సరిపోయాయి. టేపక్క అచ్చుల్లో, టీచరు పడిపోవడానికి ముందువి చాలావాటిలో ఏదో ఒక అంకె తేడా వచ్చింది. తేడా వచ్చిన ప్రతి కార్డులోనూ, ఫలానా చుట్టు మార్చానని ఆమె గమనిక ఉంది. అచ్చు ఆ గమనిక ప్రకారమే ఉంది. కార్డులో అంకె మాత్రం పాతది. టీచరు పడిపోయిన తర్వాత ఆమె మార్చిన కార్డులు మాత్రం మళ్ళీ అచ్చులతో సరిపోయాయి.

మేనకోడలికి తల తిరిగిపోయింది. అచ్చులు సరిగ్గా ఉన్నాయంటే కోసినప్పుడు అంకెలూ సరిగ్గానే ఉండాలి కదా, మరి ఎవరో పనిగట్టుకుని అన్ని కార్డులూ వెనక్కి తిప్పేశారా అని అడిగింది. కేసు తేలుతుంటే మేనమామ ముఖం వికసిస్తుందని ఆమెకు తెలుసు. ఆ రోజు మాత్రం ఆయన ముఖం వాడిపోయి ఉంది. శుక్రవారం అందరూ ఉంటారుగా, అప్పుడు చెబుతానని మాత్రం అన్నాడు. ఆ శుక్రవారం దాకా మేనకోడలికి అన్నం సయించలేదంటే అతిశయోక్తి కాదు.

శుక్రవారం ఉదయం కోత మిషను గదిలో అందరూ కూర్చున్నారు. డాక్టరు కిటికీ పక్కన, పెద్దమేస్త్రి గోడకి ఆనుకుని. టేపక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చినట్టు కూర్చుంది. పక్కనే తమ్ముడు. అక్క భుజానికి తన భుజం తగలకుండా ఒద్దికగా కూర్చున్నాడు.

డిటెక్టివ్ ముందుగా ఒక చిన్న సాయం అడిగాడు. దర్జీ కొత్త సాకెట్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన కార్డు టేపక్క కిందటేడు ఎక్కించి, ఒక చుట్టు తగ్గింది, మార్చానని గమనిక రాసిందే. ఆ కార్డులో ఉన్న కొలతలతో ఇప్పుడే అచ్చు కోయిస్తే, మాట్లాడుకుంటూ ఉండగానే ఆయన పనీ అయిపోతుందన్నాడు. డాక్టరుకి ఇందులో అభ్యంతరం ఏమీ కనిపించలేదు. పెద్దమేస్త్రి దిమ్మ బిగించాడు. మిషను తిరగడం మొదలైంది. తెల్లటి పొడి రాలుతోంది.

తమ్ముడు మిషను వైపే చూస్తున్నాడు. మొదట కుర్చీ అంచుకి జరిగాడు. తర్వాత తల దించుకున్నాడు. బ్లేడు దిమ్మ మధ్యకి వచ్చేసరికి లేచి, ఎవరి వైపూ చూడకుండా నడిచి వెళ్ళి, ఎర్ర బటన్ నొక్కాడు. మిషను ఆగిపోయింది.

"దాన్ని కోయకండి," అన్నాడు. "అందులో ఉన్నది పాత కొలత. ఆయన కాలూ ఊడిపోతుంది."

"నీకెలా తెలుసు?" అని డిటెక్టివ్ చాలా మెల్లగా అడిగాడు.

టేపక్క తమ్ముణ్ణే చూస్తోంది. ఆమెకు ఇంకా అర్థం కాలేదు. అర్థమయ్యేలోపల ఆమెను కూర్చోబెట్టాలని మేనకోడలు వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

డిటెక్టివ్ చెప్పడం మొదలుపెట్టాడు. మొదటినుంచీ తనను తొలిచింది ఆ గమనిక అన్నాడు. కక్ష కొద్దీ కొలత మార్చేవాడు గమనికను అలాగే ఉంచి తన పని తనే బయటపెట్టుకోడు. పోనీ టేపక్కే మరిచిపోయిందంటే, పాత అచ్చులన్నీ ఆమె తరఫున సాక్ష్యం చెబుతున్నాయి. టీచరుగారిది తప్పిస్తే, మార్చానని రాసిన ప్రతిచోటా అచ్చు మారే ఉంది. అంటే కోసిన వేళకి కొత్త అంకె కంప్యూటరులో ఉంది. తర్వాత లేదు.

"ఎవరూ తీసెయ్యలేదు. అది అరమర దాకా వెళ్ళనే లేదు," అన్నాడు. "కార్డు తెరవగానే గుమాస్తా మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. టేపక్క ఆ మూట విప్పి, లోపల ఒక్క అంకె మార్చి, మళ్ళీ కట్టింది. సేవ్ అనగానే గుమాస్తా వచ్చి చూసింది. గమనిక మారింది, తీసుకెళ్ళి సర్దింది. మూట? అదే మూట, అక్కడే ఉంది. మారలేదనుకుని వదిలేసింది. కంప్యూటరు ఆపేదాకా కొత్త అంకె బల్ల మీదే ఉంటుంది. అందుకే తెర మీద కనిపించింది, ఆ రోజే కోస్తే మిషనుకీ అందింది. ఇన్నాళ్ళూ కొలత మార్చిన రోజే కోసేవారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. టీచరుగారి రోజున బ్లేడు విరిగింది. సాయంత్రం కంప్యూటరు ఆపారు. బల్ల మీద ఉన్నదంతా పోయింది. మర్నాడు అరమరలోంచి పాత మూటే వచ్చింది."

పెద్దమేస్త్రి మీసం మీద చెయ్యి వేసుకుని, మరి తనవెందుకు పోలేదని అడిగాడు.

"మీరు పాత మూట ముట్టుకోరు కదా. అన్నీ మళ్ళీ కొట్టి కొత్త మూట పెడతారు. మూటే మారితే గుమాస్తాకి తెలుస్తుంది. ఈమె అతిజాగ్రత్తగా ఒక్క అంకె దగ్గర మాత్రమే చెయ్యి పెట్టే మనిషి. ఆ జాగ్రత్తే ఈమె కొంప ముంచింది."

"కానీ మొన్న ఇతను మన ముందే మార్చి చూపించాడు. అంకె నిలబడింది," అంది మేనకోడలు ఉండబట్టలేక.

"నిలబడింది. టీచరుగారు పడిపోయిన మర్నాటి నుంచీ నిలబడుతోంది. పాత కార్డులు తప్పు, కొత్త కార్డులు ఒప్పు. ప్రోగ్రాం తనంతట తను బాగుపడదు. ఎవరో తప్పు కనిపెట్టి సరిచేశారు. సరిచేసినవాళ్ళు నోరు విప్పలేదు. ఆ పని చెయ్యగలిగింది ఈ గదిలో ఒక్కరే. అచ్చులు ఆధారమే గానీ, అతను తెలిసి ఊరుకున్నాడని అవి చెప్పలేవు. అందుకే మిషను వేయించాను." డిటెక్టివ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకో మనిషికి దెబ్బ తగులుతుంటే చూస్తూ ఊరుకోలేడని నాకు నమ్మకం. ఊరుకోలేదు."

మిగతాది కుర్రాడే చెప్పాడు, డాక్టరు వైపు తిరిగి. టీచరు పడిపోయిన రోజు సాయంత్రమే వెతికితే తప్పు దొరికిందట. లోపల మారిందో లేదో విప్పి చూడమని గుమాస్తాకి చెప్పడం తను మరిచిపోయాడు. అప్పటికప్పుడు సరిచేశాడు. మర్నాడు వచ్చి చెబుదామనుకున్నాడు. వచ్చేసరికి అందరి ముందూ డాక్టరు, నీ ప్రోగ్రాంలో ఏమైనా తప్పుందా అని అడిగింది. లేదన్న మాట తనకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. అక్కని తీసేస్తారని వాళ్ళంటారే గానీ నిజంగా తీసెయ్యరులే అని తనకి తాను సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. పాత మూటల్లో తప్పు కొలతలు ఉన్నాయని తెలుసు. సరైన అంకెలు ఏవో తనకి తెలియవు. ఎవరైనా పాత కార్డుతో కోయిస్తారేమోనని రోజూ ఏదో వంకతో ఈ గది చుట్టూ తిరుగుతున్నాడు.

డాక్టరు లేచి, ఆ రెండు వర్క్‌షాపుల వాళ్ళకీ తనే కబురు చేస్తానని, ఈ కార్డులన్నీ సరయ్యేదాకా ప్రోగ్రాం ఎక్కడికీ కదలదని చెప్పింది. తర్వాత టేపక్క దగ్గరికొచ్చి, తన తొందరపాటుని మన్నించమని అడిగింది. పెద్దమేస్త్రి మాత్రం, నా మీదే కదా అనుమానపడ్డావు అన్నాడు. టేపక్క ఒప్పుకుంది. నీ చోట నేనున్నా అంతేలే అని ఆయన ఆ సంగతి అక్కడితో తేల్చేశాడు.

నిర్దోషి అని తేలిన మనిషి ముఖంలో సంతోషం ఉండాలి. ఆమె ముఖంలో లేదు. దోషి ఎవరో కనుక్కోమని తనే వెళ్ళి అడిగింది. ఇంత దగ్గర్లో దొరుకుతాడని ఆమె అనుకోలేదు. ఆ సమయంలో మేనకోడలికి తన మేనమామ తెలివితేటల మీద మొదటిసారి కాస్త కోపం వచ్చింది. ఆయనకీ తన మీద తనకి అదే కోపం ఉన్నట్టు కనిపించింది.

తమ్ముడు అక్క ముందు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఏదో ఒకటి తిట్టు."

ఆమె తిట్టలేదు. అన్ని రాత్రులు తను నిద్ర పట్టక ఏడుస్తుంటే, పక్క గదిలో మేలుకునే ఉన్నావా అని అడిగింది. ఉన్నానన్నాడు. ఆ మాటకి ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచాక గొంతు మామూలుగానే ఉంది.

"పాత అచ్చులన్నీ నేను మళ్ళీ కొలుస్తాను. నువ్వు పక్కన కూర్చుని ఎక్కిద్దువుగాని. అది రేపు. ఇవాళ టీచరమ్మ దగ్గరికి వెళ్ళు. నీ నోటితో నువ్వు చెప్పు."

"నువ్వు కూడా రా అక్కా."

"రాను. నీ బడికి వచ్చాను. నీ పరీక్షలకి బయట కూర్చున్నాను. నీకు ఈ పని ఇమ్మని డాక్టరుగారి దగ్గరికీ నేనే వచ్చాను. దీనికి మాత్రం రాను. ఆవిడ ఏమంటే అది పడు. పడి, ఇంటికి రా. ఎంత పొద్దుపోయినా సరే, నువ్వొచ్చేదాకా నేను భోంచెయ్యను."

అతను చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, టీచరు ఇల్లు ఎటో పెద్దమేస్త్రిని అడిగి తెలుసుకుని, ఒక్కడే బయటికి నడిచాడు.